ఉస్తాద్ బిగించి వెళ్లిన రెండు స్క్రూలు

ఉస్తాద్ పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను సిరిసిల్లలో ఒక సాంచె కింద వెల్లకిలా పడుకుని బోల్టు బిగిస్తున్నాను. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. షెడ్డులో సాంచెలన్నీ ఒక్కసారిగా కొట్టుకుంటుంటే ఫోను మోగినా వినపడదు, జేబులో అదిరితేనే తెలుస్తుంది. బయటికి వచ్చి చూస్తే జగిత్యాల నుంచి చాచీ మూడుసార్లు చేసి ఉంది. చాచీ అంటే ఉస్తాద్ భార్య. తిరిగి చేశాను. "బేటా, మీ ఉస్తాద్ పోయిండు. మధ్యాన్నం జొహర్ నమాజ్ అయినంక తీస్కపోతరు. జల్ది రా," అని పెట్టేసింది.

ఇలాంటి వార్త వినగానే పోయిన మనిషి ముఖం కళ్ల ముందు మెదిలిందని రాస్తారు. నాకు మెదిలింది వేరే ముఖం. కోరుట్లలో హోటలు నడిపే ఒక సేటు ముఖం. బండి మీద వేములవాడ దాటి, కొండగట్టు దాటి, జగిత్యాల చేరేదాకా దారి పొడుగునా ఆ మనిషినే తిట్టుకుంటూ వెళ్లాను. ఉస్తాద్ కోసం ఏడ్వడానికి నాకు తీరిక దొరకలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఉస్తాద్ చేతి మీదుగా బాగుపడ్డ రికార్డు ప్లేయర్లు మీలో చాలామంది ఇళ్లలో ఉన్నాయి. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని మీరే అడిగారు. రాస్తాను. కక్ష లేకుండా రాయమంటే మాత్రం నావల్ల కాదు.

జగిత్యాల టవర్ దగ్గర సందులో ఆయన దుకాణం. దుకాణం అంటే ఒక బల్ల, ఒక దీపం, గోడల నిండా మేకులు, మేకుల నిండా తీగలు. రేడియోలు పోయాయి, టేపు రికార్డర్లు వచ్చి పోయాయి, సీడీలు వచ్చి పోయాయి. ఆయన మాత్రం రికార్డు ప్లేయర్లను వదల్లేదు. అటకల మీద పడి ఉన్నవాటిని, ఎలుకలు తీగలు కొరికినవాటిని, పెళ్లికి అత్తింటివాళ్లు ఇచ్చారని పారేయలేక దాచుకున్నవాటిని తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్లు. ఈ మధ్య పాత రికార్డుల మోజు మళ్లీ మొదలైంది కదా, హైదరాబాదులో ఉద్యోగాలు చేసే పిల్లలు కూడా తాతల కాలపు మిషన్లు కారులో వేసుకుని వచ్చేవాళ్లు. ఆయన ఎవరినీ పొగడలేదు, ఎవరినీ విసుక్కోలేదు. మిషన్ ముట్టుకోకముందే "ఎన్నడు ఆఖరిపారి మోగింది?" అని అడిగేవారు, డాక్టరు జ్వరం గురించి అడిగినట్టు.

నాకు ఆయన పరిచయమైంది రబ్బరు మూలంగా. రికార్డు ప్లేయరులో మోటారు తిరుగుడును రికార్డు కూర్చునే పళ్లేనికి అందించే చిన్న రబ్బరు చక్రం ఒకటుంటుంది. అది ఏళ్ల తరబడి గట్టిపడిపోతే రికార్డు మూలుగుతుంది. కొత్తది ఎక్కడా దొరకదు. సాంచెలకు వాడే రబ్బరు ముక్కలతో చెయ్యొచ్చేమోనని ఆయనకు తట్టింది. ఒకరోజు సిరిసిల్ల వచ్చి, షెడ్డు షెడ్డు తిరిగి, చివరికి నా దగ్గరికి చేరారు. తెల్లటి లాల్చీ, చేతిలో రుమాలు, రుమాల్లో ఆ చచ్చిపోయిన చక్రం. సాంచెల చప్పుడులో ఆయన ఏమంటున్నారో నాకు వినపడలేదు. ఆయన రుమాలు విప్పి చక్రాన్ని నా అరచేతిలో పెట్టి, వేలితో తిప్పి చూపించారు. నేను లేతు మీద రబ్బరు గుండ్రంగా చెక్కి ఇచ్చాను. ఆయన దాన్ని బొటనవేలి మీద తిప్పి చూసి మళ్లీ నాకే ఇచ్చేశారు. "ఒక్క వెంట్రుక ఎక్కువున్నది తమ్మీ," అన్నారు. నాకు మండింది. మళ్లీ చెక్కాను. ఐదుసార్లు చెక్కించారు. ఐదోసారి నేనే ఆయన చేతిలోంచి లాక్కుని కొలిచి, ఇంకొంచెం చెక్కాను. అప్పుడు నవ్వారు. ఆ రోజు నుంచి నేను ఆయన్ని ఉస్తాద్ అన్నాను, ఆయన నన్ను బేటా అన్నారు.

ఆదివారం ఆదివారం జగిత్యాల వెళ్లడం అప్పుడు మొదలైంది. నాకు ఒక లోపం ఉంది. చిన్నప్పటి నుంచి సాంచెల మధ్య పెరిగిన చెవులు నావి, సన్నటి చప్పుళ్లు పట్టుకోలేవు. మోటారులో సన్నగా గురక వస్తోందని ఆయన అంటే నాకు ఏమీ వినపడేది కాదు. పని నేర్చుకోవడం నావల్ల కాదని చెప్పేశాను. ఆయన చెవి మీదున్న పెన్సిలు తీసి, ఒక కొస నా పళ్ల మధ్య పెట్టి, రెండో కొస మిషన్ పైనున్న ఇనుప పలకకు ఆనించారు. "ఇప్పుడు చెప్పు," అన్నారు. పుర్రె లోపల మోటారు తిరుగుతున్నట్టు వినపడింది. గురక కూడా. నోట్లో పెన్సిలుతో నేను తలూపుతుంటే చాచీ తలుపు దగ్గర నిలబడి నవ్వు ఆపుకోలేకపోయింది. "మొదలు విను, తర్వాత విప్పు," అనేది ఆయన మాట. నేను ఎప్పుడూ ముందు విప్పేవాణ్ణి. ఇప్పటికీ సాంచె దగ్గర స్పానరు పట్టుకోగానే ఆ మాట గుర్తొచ్చి చెయ్యి ఆగుతుంది.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఈ కథంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి కొంచెం ఓపికగా వినండి. పాత రికార్డు ప్లేయర్లలో పళ్లెం, మోటారు, సూది ఉండే చెయ్యి అన్నీ ఒక ఇనుప పలక మీద ఉంటాయి. ఆ పలక పెట్టె మీద గట్టిగా కూర్చోదు, స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. పక్కన మనిషి నడిచినా సూది అదరకూడదని ఆ ఏర్పాటు. కానీ బస్సులోనో కారులోనో తీసుకుపోయేటప్పుడు పలక అలా ఊగితే లోపల విరిగిపోతుంది. అందుకని పలక మీద రెండు స్క్రూలు ఉంటాయి. ప్రయాణానికి ముందు వాటిని బిగిస్తే పలక పెట్టెకు అతుక్కుంటుంది. ఇల్లు చేరాక వదులు చెయ్యాలి. వదులు చెయ్యకుండా పాట పెట్టారా, అడుగుల చప్పుడు, మోటారు వణుకు, స్పీకరు అదురు అన్నీ సూదిలోకి ఎక్కి, మళ్లీ స్పీకరులోంచే బయటికి వచ్చి ఒకటే హోరు.

ఏ మెకానిక్ అయినా ఈ సంగతి నోటితో చెప్పి పంపిస్తాడు. ఉస్తాద్ చెప్పరు. బాగుచేసిన మిషన్‌కు స్క్రూలు తనే బిగించి, బస్సులో ఒళ్లో పెట్టుకుని, ఆ ఇంటికి తనే వెళ్లి, తన చేత్తో వదులు చేసి, మొదటి పాట తనే పెట్టి వచ్చేవారు. ఎల్లారెడ్డిపేట అవతల ఎక్కడో ఉన్న ఊరికి కూడా అలాగే వెళ్లారు. ఫోనులో చెప్తే సరిపోతుంది కదా అంటే ఒప్పుకునేవారు కాదు. "అప్పజెప్పుడంటే చేతికి చెయ్యి ఇయ్యాలె బేటా. నోటితోని అప్పజెప్తే అది అప్పజెప్పినట్టు కాదు." అందువల్ల ఇన్నేళ్లలో ఆయన గిరాకీలలో ఒక్కరికి కూడా ఆ స్క్రూలు ఎందుకున్నాయో తెలియదు. మీలో ఎవరింట్లోనైనా మిషన్ ఉంటే వెళ్లి చూసుకోండి. అలంకారం అనుకుని ఉంటారు.

ఊరందరి మిషన్లూ బాగుచేసిన ఆయనకు సొంతానికంటూ ఒకటే ఉండేది. ఇంగ్లండులో తయారైన మిషన్, టేకు పెట్టె. పాత ఇనుప సామాను కొట్లో పళ్లెం లేకుండా దొరికింది. మోటారు ఒక చోట, పళ్లెం ఒక చోట, చెయ్యి ఇంకో చోట వెతికి వెతికి ఆరేళ్లు పట్టింది. దాని రబ్బరు చక్రం నాది. పెట్టె మూలలకు వేసిన ఇత్తడి రేకులు చాచీ తమలపాకులు దాచుకునే పాత పాన్‌దాన్ నుంచి కోసినవి. పాన్‌దాన్ కోస్తున్నప్పుడు ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అది మొదటిసారి పాడిన సాయంత్రం ఆ ఇంట్లో నేనూ ఉన్నాను. పాట అయిపోయాక ఉస్తాద్ కండువాతో ముఖం కప్పుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు.

ఆ మిషన్‌నే సేటు కాజేశాడు.

వాణ్ణి ఉస్తాద్ గుమ్మం ఎక్కించింది నేనే. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. కోరుట్లలో రోడ్డు మీద పాతకాలం పద్ధతిలో హోటలు పెడుతున్నానని, లాంతర్లు, తిరగళ్లు, రేడియోలు, సైకిళ్లు పోగుచేస్తున్నానని చెప్పి, కర్టెన్ల గుడ్డ కోసం సిరిసిల్ల వచ్చాడు. మాట తేనెలా ఉంటుంది. పది నిమిషాల్లో అన్నా అన్నాడు, పావుగంటలో భుజం మీద చెయ్యేశాడు. రికార్డు ప్లేయరు కావాలన్నాడు. నేను గొప్ప కోసం మా ఉస్తాద్ గురించి చెప్పి జగిత్యాల తీసుకుపోయాను. సేటు ఆ మిషన్ చూసి కళ్లు పెద్దవి చేశాడు. "హోటలు ఓపెనింగ్ ఉన్నది ఉస్తాద్. ఒక్కరోజు ఇయ్యి. రిబ్బన్ కత్తిరిచ్చినంక రేపే పంపిస్త," అన్నాడు. ఉస్తాద్ నా వైపు చూశారు. నేను తలూపాను. ఆ తలూపినందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఓపెనింగ్ రోజు ఉస్తాద్ తన పద్ధతి ప్రకారం మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని కోరుట్ల వెళ్లి, స్క్రూలు వదులు చేసి, పాట పెట్టారు. జనం ఫోటోలు దిగారు. రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది, మిషన్ రాలేదు. అడగడానికి ఉస్తాద్ శుక్రవారం నమాజు అయ్యాక కోరుట్ల బస్సెక్కారు. సేటు లేచి నిలబడి మర్యాద చేశాడు. "చాయ్ తాగు ఉస్తాద్. బండి దొరుకుతలేదు, వచ్చే వారం నేనే తెస్త." వచ్చే వారం వాళ్లింట్లో ఫంక్షన్. ఆపై వారం డ్రైవర్ లేడు. ఆ తర్వాత గోడకు ఒక అట్ట వెలిసింది. మా తాతగారు బొంబాయి నుంచి తెప్పించిన గ్రామఫోన్, దయచేసి తాకవద్దు అని రాసి ఉంది. సేటు తాత ఏ ఊరివాడో ఏం చేసేవాడో నాకు తెలియదు. బొంబాయి పోతే పోయి ఉండొచ్చు. ఈ మిషన్ తేలేదు.

ఉస్తాద్ ఆ అట్ట చదివి ఏం చేశారో మీకు చెప్పాలి. జేబులోంచి మెత్తటి గుడ్డ, కుట్టు మిషన్ నూనె సీసా తీసి, పళ్లెం మీద దుమ్ము తుడిచి, రెండు చుక్కలు నూనె వేసి, ఒక పాట పెట్టి, బస్సెక్కి వచ్చేశారు. తర్వాత ప్రతి శుక్రవారం అదే పని. దొంగిలించినవాడి ఇంటికే వెళ్లి, దొంగిలించిన వస్తువుకు సేవ చేసి రావడం. తినేవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. సేటు గల్లా దగ్గర కూర్చుని, మా హోటలు మనిషే అన్నట్టు చూసేవాడు. ఒకసారి నేను వెంట వెళ్లాను. ఆ దృశ్యం చూసి నా ఒళ్లు మండిపోయింది.

"మీకేమన్న పిచ్చా ఉస్తాద్? వాడు మిషన్ గుంజుకుంటే మీరు నూనె పోస్తరా?" అని బస్టాండులో అరిచాను.

"మిషన్ ఏం చేసింది బేటా? అది ఎవలింట్ల ఉంటే ఏంది, నూనె అడుగుతది."

"ఎత్తుకొస్త. రేపే ఎత్తుకొస్త. ఎవడు ఆపుతడో చూస్త."

"ఖబర్దార్." ఆయన నన్ను ఆ మాట అనడం అదొక్కసారే. "నేను దొంగ లెక్క ఎందుకు తెచ్చుకుంట? నా చేత్తోని ఇచ్చిన. ఆయన చేత్తోని ఇయ్యాలె. గప్పుడే అది నాకు వచ్చినట్టు."

ఇలా ఏడాది దాటింది. పెద్దమనుషుల్ని తీసుకుపోతానంటే వద్దన్నారు. పోలీసుల దగ్గరికి పోదామంటే నవ్వారు. ఆయన ఓర్పుకు అందరూ దండం పెడతారేమో, నాకు మాత్రం ఆ ఓర్పు మీద కూడా కోపమే. ఎండలో బస్సెక్కి దిగడంతోనే ఆయన గుండె అలిసిపోయిందని నేను నమ్ముతాను. డాక్టరు వేరే కారణాలు చెప్పాడు. డాక్టరుకు కోరుట్ల సంగతి తెలియదు.

జగిత్యాల దవాఖానాలో మంచం మీద ఉన్నప్పుడు చూడటానికి వెళ్లాను. చాచీ జావ కలుపుతోంది. ఆయన చేత్తో దగ్గరికి రమ్మన్నారు. గొంతు పీలగా ఉంది.

"పోయిన శుక్రవారం కోరుట్ల పోయిన. నూనె ఏసిన. రెండు ఇస్క్రూలు బిగిచ్చి వచ్చిన."

నాకు అర్థం కాలేదు. "ఎందుకు ఉస్తాద్? వదులు చేసుడు వాళ్లకు తెల్వది గదా. పాట పెడితే గుయ్యిమని మోగుతది."

ఆయన నా వైపు చూశారు. పెదవి ఒక పక్కకు కొంచెం కదిలింది. "తెల్వది," అన్నారు.

ఉస్తాద్ బతుకంతటిలో తీర్చుకున్న పగ అదొక్కటే. రెండు స్క్రూలు. ఎవరికీ నష్టం లేదు, ఏదీ విరగలేదు. కానీ ఆ క్షణంలో ఆయన కళ్లలో నేను చూసింది మాత్రం పగే. దాన్ని ఇంకో మాటతో మెత్తబరచను. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఆయనే మళ్లీ అన్నారు: "ఇగ అది ప్రయాణానికి తయారున్నది బేటా. తెచ్చుడు నీ పని. తీరు తప్పి తేకు."

అవి నాతో ఆయన మాట్లాడిన చివరి మాటలు. తర్వాతి వారం చాచీ ఫోను వచ్చింది. జనాజా వెంట నడిచాను, మూడు పిడికిళ్ల మట్టి వేశాను. ఆయన మిషన్ బాగుచేసిన ఇళ్లవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. రుద్రంగి నుంచి వచ్చిన ఒక ముసలాయన, "మా ఇంటికి అచ్చి పాట పెట్టి పోయిండు. చాయ్ గూడ తాగలే," అంటూ ఒకటే ఏడ్చాడు. కోరుట్ల నుంచి మాత్రం ఎవరూ రాలేదు.

మూడో రోజు సేటు ఫోను చేశాడు. పరామర్శ అనుకున్నాను. ఎంతైనా మనిషి కదా అనుకున్నాను.

"అన్నా, మిషన్ ఏందో మొరాయిస్తంది. పాట పెడితే ఒకటే ఊళ. ఎల్లుండి వీడియోలోళ్లు వస్తున్నరు, మా తాత మిషన్ మీద స్పెషల్ తీస్తరట. ఉస్తాద్ లేకపాయె. నువ్వు జర వచ్చి చూడవా?"

ఉస్తాద్ లేకపాయె. పోయిన మనిషికి అతని దగ్గర దొరికిన మాట అదొక్కటే. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, వస్త సేట్, తప్పకుంట వస్త అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు ఎంత తియ్యగా పలికిందో నాకే ఆశ్చర్యం. ఎవరి దగ్గర నేర్చుకున్నానో తెలుసు.

మా షెడ్డు పక్కనుండే ట్రాలీ ఆటో మాట్లాడుకుని, పాత బొంతలు వేసుకుని కోరుట్ల వెళ్లాను. హోటల్లో మధ్యాహ్నం గిరాకీ నిండుగా ఉంది. సేటు హోటలు కుర్రాడితో పాట పెట్టించి చూపించాడు. నిజంగానే ఊళ. ముద్ద నోటి దగ్గర పెట్టుకున్న జనం చెవులు మూసుకున్నారు. నేను చెవి మీది పెన్సిలు తీసి, పళ్ల మధ్య పెట్టుకుని, పలకకు ఆనించి కళ్లు మూసుకున్నాను. అవసరం లేదు, ఉన్నది రెండు స్క్రూలే. కానీ అందరూ చూస్తున్నారు. సేటు ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు. అక్కడే వేలు పెట్టి రెండు తిప్పులు తిప్పితే ఊళ ఆగిపోయేది. తిప్పలేదు. పెద్ద డాక్టరులా తలాడించాను.

"లోపల ఉన్నది సేట్. ఇక్కడ కాదు. సిరిసిల్లల నా లేతు మీద పని. ఒక్కరోజు ఇయ్యి. రేపే పంపిస్త."

అతనికి ఆ మాటలు ఎక్కడో విన్నట్టు కూడా అనిపించలేదు. అదే నాకు అన్నిటికన్నా నచ్చింది. "నువ్వే దిక్కు అన్నా," అంటూ తన రెండు చేతులతో మిషన్‌ను ఎత్తి, మెట్లు దిగి, ఆటోలో బొంతల మీద పెట్టాడు. నేను చెయ్యి వెయ్యలేదు. పక్కన నిలబడి చూశాను. తన చేత్తోనే ఇవ్వాలన్నారు కదా ఉస్తాద్, ఇచ్చాడు. రుద్రంగి దాటాక ఆటో ఆపించి, రోడ్డు పక్కన కూర్చుని అప్పుడు ఏడ్చాను. ఆటోవాడు నీళ్ల సీసా అందించి అటు తిరిగి నిలబడ్డాడు.

చాచీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన నాలుగు నెలల పది రోజులు ఆమె బయటివాళ్లకు ఎదురుపడదు. తలుపు ఇవతల నిలబడి మిషన్ వచ్చిన సంగతి చెప్పాను. అవతలి నుంచి, "నీ దగ్గరే ఉంచు. ఇస్క్రూలు ముట్టకు. నేను చెప్పినప్పుడు తే," అంది. అప్పటిదాకా మిషన్ నా ఇంట్లో గుడ్డ కప్పుకుని ఉంది. సేటు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. నేను ఒక్క ఫోనూ వదిలిపెట్టలేదు. రబ్బరు దొరుకుతలేదు సేట్. లేతు ఖరాబైంది సేట్. మా ఇంట్ల ఫంక్షన్ ఉన్నది సేట్. ఒకసారి తనే సిరిసిల్ల వచ్చాడు. లేచి నిలబడి మర్యాద చేసి, చాయ్ తెప్పించి, వచ్చే వారం నేనే తెస్తానని సాగనంపాను. వీడియోవాళ్లు వచ్చి, గోడ మీద అట్టను, కింద ఖాళీ బల్లను చూసి వెళ్లారట. ఆ కబురు విన్న రోజు మా ఇంట్లో పాయసం చేయించాను. ఎందుకని మా ఆవిడ అడిగితే చెప్పలేదు. ఉస్తాద్ ఉంటే ఖబర్దార్ అనేవారని తెలుసు. అయినా తిన్నాను, రెండోసారి కూడా వేయించుకున్నాను.

ఇద్దత్ ముగిసిన మర్నాడు చాచీ పిలిచింది. మిషన్‌ను నా ఒళ్లో పెట్టుకుని బస్సులో జగిత్యాల వెళ్లాను. ముందుగదిలో పాత చోటనే పెట్టి, రెండు స్క్రూలూ వదులు చేశాను. పలక స్ప్రింగుల మీద కొంచెం పైకి లేచి తేలింది. చాచీ అది చూసి తల తిప్పుకుంది. తర్వాత అంది: "ఇగ ఆ హోటలాయన్ను రమ్మను. మిషన్ కావాల్నంటున్నడు గదా, వచ్చి తీస్కపొమ్మను."

"ఇచ్చుడేంది చాచీ! ఎంత కష్టపడి తెచ్చిన!"

"రమ్మను బేటా. చెప్పింది చెయ్యి."

సేటు కారులో వచ్చాడు, చేతిలో ఆపిల్ పండ్ల కవరుతో. ఉస్తాద్ చాలా మంచివాడని, తనకు తండ్రి లాంటివాడని మొదలుపెట్టాడు. చాచీ కుర్చీ చూపించింది. బీరువా తెరిచి ఒక రికార్డు తీసింది. అంచులు అరచేతులతో పట్టుకుని, గుడ్డతో గుండ్రంగా తుడిచి, పళ్లెం మీద పెట్టి, చిటికెన వేలితో సూదిని ఎత్తి అంచు మీద దించింది. ఇన్నేళ్లలో ఆమె ఆ మిషన్‌ను ముట్టుకోవడం నేను చూడలేదు. సూది దిగిన చప్పుడు కూడా రాలేదు. పాట మొదలైంది. ఊళ లేదు, గురక లేదు. సేటు ముఖం వెలిగిపోయింది, బాగైందని.

పాట పూర్తిగా విన్నాం ముగ్గురం. చివరికి సూది లోపలి గీతలోకి జారి, రికార్డు మధ్యన అంటించిన కాగితం పక్కన తిరుగుతూ కర్ర్... కర్ర్... అనడం మొదలుపెట్టింది. సూది తనంతట తను లేచే ఏర్పాటు ఆ మిషన్‌లో ఎప్పుడో విరిగిపోయింది, ఉస్తాద్ చేత్తోనే లేపేవారు. నేను లేవబోయాను. చాచీ కూర్చోమన్నట్టు చూసింది.

"మీ తాత తెచ్చిందంటివి గదా బాబు," అంది సేటుతో, గొంతు పెంచకుండా. "చిన్నప్పటి సంది చూసే ఉంటవ్. సూది లేపి, మిషన్ తీస్కపో. ఎవలం అడ్డం రాం. జర పైలం, గీత పడితే ఆ రికార్డు మళ్ల దొరుకది."

సేటు నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. లేచి మిషన్ దగ్గరికి వచ్చి ముందు వైపు చూశాడు. పక్కకు వంగి చూశాడు. వెనక్కి వెళ్లి చూశాడు. బటన్ కోసం. బటన్ లేదు. చెయ్యి చాపాడు, సూది దాకా పోనిచ్చి వెనక్కి తీశాడు, మళ్లీ చాపాడు. నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

చాచీ కొంగు సర్దుకుని, తొందరేమీ లేనట్టు వెనక్కి ఆనుకుని కూర్చుంది. సేటు చెయ్యి, తిరుగుతున్న రికార్డు మీద, గాలిలో ఆగిపోయి ఉంది.